తీగ లేని చోట కోయవాడు

ఈ రాష్ట్రంలో ఎన్ని ప్రాణాలు తీసినా ఒక్కసారి కూడా బోనెక్కని నిందితుడు ఒకడున్నాడు. పేరు షార్ట్ సర్క్యూట్. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహార్ కూలీలు కాలిపోయారు. ఇంకా పొగ చల్లారకముందే ఆ పేరు టీవీల్లోకి ఎక్కేసింది. మరుసటి ఏడాది మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. మళ్ళీ అతగాడే. ఇన్ని హత్యలు చేసినవాడి మీద ఒక్క రౌడీషీటైనా లేదంటే మన పోలీసుల సహనానికి చేతులెత్తి మొక్కాలి.

అయినా అతగాడంటే అందరికీ ముద్దే. కులం లేదు, పార్టీ లేదు. బెయిలడగడు, ఎమ్మెల్యేతో ఫోన్ చేయించడు. యజమాని 'నా చేతిలో ఏముంది' అని నుదురు కొట్టుకోవచ్చు. అధికారి ఫైలు కట్టి అటకెక్కించవచ్చు. మంత్రిగారు ఎక్స్‌గ్రేషియా ప్రకటించి మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరవచ్చు. గోదాములో మనుషుల్ని పడుకోబెట్టిందెవరు, పైనున్నవాళ్ళు దిగడానికి ఒకటే మెట్లదారి ఎందుకుంది అన్న చెడ్డ ప్రశ్నలు అడగాల్సిన పని ఎవరికీ ఉండదు.

ఇంతకీ షార్ట్ సర్క్యూటే చేసిందని ఎలా తేల్చారు? గోడ మీద కాలిన తీగ కనబడింది కనుక. కాలిన ఇంట్లో కాలిన తీగ కనబడకపోతే కదా ఆశ్చర్యపోవాలి! కరెంటు సరఫరా ఉన్నంతసేపూ మంట తగిలిన ఏ తీగకైనా పైతొడుగు కరుగుతుంది, లోపలి రాగి ఒకదానికొకటి ఆనుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. అంటే మంట వల్ల షార్ట్ సర్క్యూట్ అవుతుంది. షార్ట్ సర్క్యూట్ వల్లా మంట పుడుతుంది. ఏది ముందో చెప్పడం ఓ విద్య. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి. రవ్వ ఎగసిన చోట తీగ కొసన చిన్న గుండ్రటి పూస కడుతుంది, దాని పక్కనే కరగని తీగ గీత గీసినట్టు మొదలవుతుంది. మామూలు మంటకు కరిగితే తీగ కొవ్వొత్తిలా సన్నబడి జారుతుంది, గీత ఉండదు. అల్యూమినియం తీగ 660 డిగ్రీలకే నీరవుతుంది కాబట్టి దాని సాక్ష్యం ఇంకా బలహీనం. ఆ పూస దొరికినా అది తీగలో రవ్వ లేచిందనే చెబుతుంది, ముందు లేచిందో తర్వాత లేచిందో చెప్పదు. అది తేల్చాలంటే గది మొత్తాన్ని చదవాలి. చదవడానికి కొన్ని రోజులు పడుతుంది. మన నివేదికకు గంట చాలు.

సరే, అది పట్నం సంగతి. సారపాక దగ్గర గోదావరి వంతెన దాటండి. భద్రాచలంలో రామయ్యకో దండం పెట్టి, దుమ్ముగూడెం మీదుగా చర్ల దారి పట్టండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే దారికి అటూ ఇటూ నేల కాలి నల్లగా ఉంటుంది. ఆకు రాలిన టేకు, మద్ది, తునికి, ఇప్ప. ఆ అడవి నడిమధ్యలో కరెంటు తీగ ఎక్కడుంది? లేదు. పాపం, మన ఆస్థాన నిందితుడికి ఇక్కడ ఉద్యోగం లేదు. మరి కారణం గడి ఖాళీగా వదిలేయలేరు కదా! తీగ లేని చోట కోయవాడున్నాడు. పోడు కోసం పెట్టాడు, లేదా ఇప్పపువ్వు కోసం పెట్టాడు, లేదా ఊరికే పెట్టాడు. వాడూ దొరక్కపోతే 'ఆకతాయిలు', 'గుర్తు తెలియని వ్యక్తులు'. గుర్తు తెలియనివాళ్ళే చేశారని అంత కచ్చితంగా గుర్తు పట్టడమెలాగో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇదీ మన అగ్ని శాస్త్రం. పట్నంలో జైల్లో వేయడానికి వీలుకాని వస్తువు నేరం చేస్తుంది. అడవిలో జైల్లో వేయడానికి వీలైన మనిషి నేరం చేస్తాడు. మధ్యలో బూడిదను అడిగినవాడు లేడు.

ఇప్పచెట్టు కింద నిప్పు అబద్ధమని నేననను. తెల్లారుజామున రాలే పువ్వు ఎండుటాకుల్లో కలిసిపోతుందని చెట్టు చుట్టూ ఆకు తగలబెట్టడం పాత అలవాటు. నల్లటి నేల మీద పసుపుతెలుపు పువ్వు ఏరుకోవడం సుఖం. ఒక్కోసారి ఆ చిన్న మంట మధ్యాహ్నం గాలికి చేయి దాటుతుంది. తునికాకు సంగతీ అంతే. నిప్పు పెడితే లేతాకు దండిగా వస్తుందన్న నమ్మకం ఇవాళ్టిది కాదు. అయితే ఆ లేతాకుతో లాభపడేవాళ్ళ వరుసలో కోయ కూలీ చిట్టచివర ఉంటాడు. 50 ఆకుల కట్ట కట్టి కల్లంలో పోసేవాడు వాడు, లెక్క చూసుకునేవాడు ఇంకొకడు. నిందలు పంచేటప్పుడు మాత్రం వరుస తిరగబడుతుంది.

ఇంకో సంగతి చెవిలో చెప్తాను. వేసవి రాకముందే అటవీశాఖ వారే ఫైర్ లైన్లు గీస్తారు. మంట దాటకుండా అడవిలో అడ్డంగా దారులు కొట్టి, అందులోని గడ్డినీ ఆకునూ తామే కాలుస్తారు. మంచి పనే. కానీ ఆ నిప్పు కూడా నిప్పే, దానికి యూనిఫాం తొడిగినంత మాత్రాన బుద్ధిగా ఉండాలని లేదు. అది గీత దాటిందా లేదా అని విచారించాల్సిందెవరు? ఆ శాఖ వారే. ఫిర్యాది తనే, సాక్షి తనే, దర్యాప్తు తనే, రాజీ రుసుము వసూలు చేసేదీ తనే. ఇన్ని పాత్రలు ఒక్క మనిషి వేస్తే మా వైపు వీధినాటకంలో కూడా జనం నవ్వుతారు.

'మాకు ఉపగ్రహముంది' అంటారు. ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి బీటు అధికారి ఫోనుకు హెచ్చరిక వస్తుంది. ఉపగ్రహం మీదున్న వీఐఐఆర్‌ఎస్ అనే పరికరం 375 మీటర్ల గడి చొప్పున నేలను చూస్తుంది. ఒక్కో గడి సుమారు 35 ఎకరాలు. ఉపగ్రహానికి మంట కనబడుతుంది కానీ అగ్గిపుల్ల కనబడదు. ఆ 35 ఎకరాల్లో ఏ మూల, ఏ చెట్టు మొదట్లో, ఎవరి చేతి నుంచి మొదలైందో చెప్పాల్సింది కింద నేల మీద ఉన్న మనిషి. ఆ మనిషికి మనమిచ్చింది ఒక బ్లోయరు, ఒక జత బూట్లు, ఓ వాట్సాప్ గ్రూపు. బీటు అధికారిని తప్పుపట్టి లాభం లేదు. పరుగెత్తి ఆర్పడం నేర్పాం, మోకాళ్ళ మీద కూర్చుని చూడడం నేర్పలేదు.

మోకాళ్ళ మీద కూర్చుంటే అడవి ఎంత చెబుతుందో! గాలి వాటున పరుగెత్తిన మంట గడ్డిని దాదాపు మొత్తం మింగేస్తుంది. గాలికి ఎదురు పాకే మంట నిదానంగా గడ్డి దుబ్బు మొదలు కొరుకుతుంది. తెగిన పరకలు ఎటు నుంచి మంట వచ్చిందో అటే తల వాల్చి పడతాయి. రాతికి మంట తగిలిన వైపు మసి, చాటు వైపు శుభ్రం. మంట వేడికి బిగుసుకుపోయిన ఆకులు ఆ గంటలో గాలి ఎటు వీచిందో అటే చూపిస్తూ ఉండిపోతాయి. అమెరికాలో కార్చిచ్చు దర్యాప్తుకు వెళ్ళినవాళ్ళు ఈ గుర్తులు చూసుకుంటూ చిన్న జెండాలు గుచ్చుతారు. మంట ముందుకురికిన చోట ఎరుపు, పక్కకు పాకిన చోట పసుపు, వెనక్కి పాకిన చోట నీలం. గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడిస్తే, జెండాలన్నీ వేలు చూపించే ఓ చాపంత జాగా మిగులుతుంది. అక్కడ అంగుళం అంగుళం గాలిస్తారు. ఆ జాగా ఇప్పచెట్టు మొదట్లో ఉంటే ఒక కథ. తారురోడ్డుకు మూడడుగుల్లో, కారు అద్దం దించి సిగరెట్ విసిరే దూరంలో ఉంటే వేరే కథ. శ్రీరామనవమికి వచ్చిన భక్తులు వంట చేసుకున్న మూడు రాళ్ళ మధ్య ఉంటే మూడో కథ. ఫైర్ లైను అంచున ఉంటే, అమ్మో, ఆ కథ ఎవరూ రాయరు.

పైగా మా మంటలకు సరిహద్దు గొడవొకటి. భద్రాచలం ఊరు దాటీ దాటగానే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. 2014లో ముంపు మండలాలు అటు కలిశాయి. ఇంకాస్త పైకి పోతే ఛత్తీస్‌గఢ్. మంట మూడు రాష్ట్రాలూ పాసు లేకుండా తిరుగుతుంది, దర్యాప్తు మాత్రం చెక్‌పోస్టు దగ్గరే ఆగుతుంది. ఈ ప్రాంతంలో తమ దహనానికి తామే నివేదిక రాసిన నిజాయితీపరులు మావోయిస్టులే. రోడ్డు పనుల యంత్రాలు తగలబెట్టి, కారణం వివరిస్తూ లేఖ వదిలి వెళ్ళేవారు. వాళ్ళ కాలం కూడా చెల్లిపోతోంది, ఇక ఆ పాటి దర్యాప్తూ ఉండదు.

తప్పుడు నింద ఖరీదు తెలియాలంటే ఈ జిల్లాలనే అడగాలి. పోడు పంచాయితీ ఎంత రగిలిందంటే 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలంలో విధుల్లో ఉన్న అటవీ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. ఆ చావుకు సమర్థన లేదు. అలాంటి నేల మీద ఆధారం లేకుండా 'వాడే పెట్టాడు' అని రాయడం కూడా నిప్పు పెట్టడమే.

ఖమ్మం జిల్లాకే అతిపెద్ద పాఠం 2023 ఏప్రిల్ 12న వచ్చింది. కారేపల్లి మండలం చీమలపాడు. అప్పటి అధికార పార్టీ ఆత్మీయ సమ్మేళనం. నాయకులు వస్తున్నారని టపాసులు కాల్చారు, గుడిసె అంటుకుంది. ఆర్పుదామని జనం, పోలీసులు, విలేకరులు ఉరికారు. లోపలున్న గ్యాస్ సిలిండరు పేలింది. ప్రాణాలు పోయాయి, కాళ్ళు తెగిపడ్డాయి. సాయంత్రానికల్లా టీకొట్ల దగ్గర దర్యాప్తు పూర్తయింది. ఒక పార్టీవాడికి టపాసు తప్పు, ఇంకో పార్టీవాడికి సిలిండరు తప్పు. ఆ సిలిండరు రేకును అడిగినవాడెవడు? మంటలో కాగిన సిలిండరు లోపలి ద్రవం మరిగి ఒత్తిడి పెరుగుతుంది, మరోవైపు ఉక్కు మెత్తబడుతుంది. అలా చీలిన రేకు అంచు సాగి పల్చబడి ఉంటుంది. అది చూస్తే సిలిండరు మంటను పుట్టించిందో, మంట సిలిండరును పేల్చిందో మాట్లాడుకోవడానికి ఓ ఆధారం ఉంటుంది. దానికన్నా ముందు, మండుతున్న ఇంట్లో సిలిండరుందంటే జనాన్ని దూరంగా నిలబెట్టాలన్న చిన్న సంగతి సభకు వచ్చిన బందోబస్తుకు ఎవరు నేర్పారు? ఊరి చివర ఫైరింజన్ ఉంచాలని టపాసులు కొన్నవాళ్ళకు ఎందుకు తోచలేదు? ఆత్మీయతకు కొలతలుండవేమో.

బూడిద చదవడం రాకపోతే ఏమవుతుందో మన ఇళ్ళలోనే చూశాం. 1980లలో 'స్టవ్ పేలి కోడలు మృతి' అనే వార్త రోజువారీ సరుకు. అత్తగారు 30 ఏళ్ళు వంట చేసినా పేలని కిరసనాయిలు స్టవ్వు, కోడలు కాపురానికొచ్చిన ఏడాదికే పేలేది. అంత బంధుత్వ జ్ఞానమున్న స్టవ్వును తయారుచేసిన కంపెనీకి పద్మశ్రీ ఇవ్వాల్సింది. నేలమీద కిరసనాయిలు ఎంత మేర ఒలికిందో, ఒంటిమీద ఎక్కడి నుంచి కాలిందో చదివి కోర్టులో నిలబెట్టగలిగినవాళ్ళు చాలినంతమంది లేరు. చివరికి 1986లో పార్లమెంటే దిగివచ్చి, కట్నం వేధింపు రుజువై, పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చస్తే అత్తింటివారే చేశారని భావించాలని చట్టం రాయాల్సి వచ్చింది. దర్యాప్తు చేయలేని పనిని చట్టం మీద మోపాం. 

'అయితే అమెరికాలాగా శిక్షణ ఇద్దాం' అని లేచే పెద్దమనిషికి ముందో మాట. అక్కడా శిక్షణ పేరుతో దశాబ్దాలు మూఢనమ్మకాలే పంచారు. 1991 డిసెంబరు 23న టెక్సాస్‌లోని కోర్సికానాలో కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ ఇల్లు కాలింది. ముగ్గురు పసిపాపలు పోయారు. అద్దం సాలెగూడులా పగిలింది కనుక పెట్రోలు లాంటిదేదో పోశాడని 'నిపుణులు' చెప్పారు. 2004 ఫిబ్రవరి 17న తండ్రికి మరణశిక్ష అమలైంది. వేడెక్కిన అద్దం మీద ఫైరింజన్ నీళ్ళు పడినా అలాగే పగులుతుందని అప్పటికే ప్రయోగాలు తేల్చి ఉన్నాయి. 2005లో లాస్ వెగాస్‌లో ఓ గదిని కాల్చి, మంట గది నిండా వ్యాపించాక రెండు నిమిషాలు ఆగి ఆర్పేసి, 53 మంది దర్యాప్తు అధికారులను పిలిచారు. మంట ఏ మూల మొదలైందో చెప్పమన్నారు. ముగ్గురు సరిగా చెప్పారు. కళ్ళు మూసుకుని నాలుగు మూలల్లో ఒకటి చూపించినా 13 మందికి తగలాలి! అంటే అనుభవం వాళ్ళ కళ్ళను మరింత కప్పేసిందన్నమాట.

వాళ్ళ గొప్పతనం ఆ ఫలితాన్ని దాచకపోవడం. 1992లోనే ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శిని వచ్చింది. 2011 ముద్రణలో అది ఒక పాత అలవాటును బహిరంగంగా తోసిపుచ్చింది. వేరే కారణం కనబడలేదు కాబట్టి ఇదే కారణమని రాయకూడదు, తెలియకపోతే తెలియదని రాయాలి. ఈ ఒక్క వాక్యాన్ని మన దగ్గర అమలు చేస్తే పోలీస్ స్టేషన్ల బీరువాలు సగం తిరగరాయాలి.

మన దగ్గర శిక్షణ లేదని అనకండి, ఎందుకు లేదు? ఫ్లెక్సీ కడతారు. జ్యోతి ప్రజ్వలనతో కార్యక్రమం మొదలవుతుంది. ఎవరు వెలిగించారో ఫోటోతో సహా రుజువున్న ఏకైక నిప్పు అది. తర్వాత స్లైడ్లు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్టు. 1956లో మొదలైన జాతీయ అగ్నిమాపక కళాశాల నాగపూర్‌లో ఉంది, దూలపల్లిలో అటవీ అకాడమీ ఉంది, రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ ల్యాబు ఉంది. ఈ మూడూ కలిసి ఒక గుడిసె కట్టి, సామాను పెట్టి, కాల్చి, చల్లార్చి, 'ఎక్కడ మొదలైందో చెప్పు' అని ఒక ఎస్సైని, ఒక లీడింగ్ ఫైర్‌మన్‌ను, ఒక బీటు అధికారిని పక్కపక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం ఏడాదికోసారైనా రివాజు కావాలి. ఇప్పుడు మనకున్నవి మాత్రం ఆర్పడానికే పుట్టిన శాఖ ఒకటి, పట్టుకోవడానికే పుట్టిన శాఖ ఒకటి. భద్రాచలం నుంచి చర్ల దాదాపు 60 కిలోమీటర్లు. ఫైరింజన్ వచ్చేసరికి మిగిలేది బూడిదే. దాని మీద నీళ్ళు కొట్టి సాక్ష్యాన్ని కాలవలో కలిపేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంది. మిగిలిన కాస్త బూడిదను ప్లాస్టిక్ కవర్లో కడతారు. పెట్రోలు ఆవిరి మామూలు పాలిథీన్‌లోంచి దర్జాగా తప్పించుకుంటుంది, గాలి చొరబడని రేకుడబ్బా కావాలి. ఆ డబ్బా రాకెట్ ఏమీ కాదు, ఖమ్మం గాంధీచౌక్‌లో రంగుల షాపువాడి దగ్గరున్నదే.

కొత్త చట్టం ఇంకా ముచ్చటైనది. ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి రావాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ అంటుంది. రాష్ట్రాలకు ఐదేళ్ళ వెసులుబాటూ ఇచ్చింది. ఇల్లు తగలబెట్టడం అలాంటి నేరమే. కానీ నిపుణుడు రావాలంటే అది నేరమని ముందు రాయాలి. నేరమో కాదో తెలియాలంటే నిపుణుడు రావాలి. ఈలోగా స్టేషన్లో 'ప్రమాదం' అని రాసేస్తారు, ఇక నిపుణుడికి బస్సు చార్జీ మిగులు.

మనసుంటే మార్గముంటుందని మదనపల్లె రుజువు చేసింది. 2024 జూలై 21 రాత్రి అక్కడి సబ్ కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్ళు కాలాయి. మర్నాడే డీజీపీ హెలికాప్టర్లో దిగారు, కేసు సీఐడీ దాకా పోయింది. అప్పుడు షార్ట్ సర్క్యూట్ మాటకు ఎవరూ లొంగలేదు. చాలా సంతోషం. కాగితాలు కాలితే హెలికాప్టరు, కూలీలు కాలితే ఊహాగానం, అడవి కాలితే కోయవాడు. మహాభారతంలో లక్క ఇల్లు కాలినప్పుడూ ఇదే పద్ధతి. బూడిదలో ఒక తల్లి, ఐదుగురు కొడుకుల శవాలు దొరికాయి, లెక్క సరిపోయింది, పాండవులు పోయారని పంచనామా ముగించారు. పోయింది ఓ నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు బిడ్డలు. తిండి కోసం వచ్చి నిద్రపోయిన అడవి మనుషులు. వాళ్ళ కోసం ఇప్పటిదాకా కేసు కట్టినవాడు లేడు.

కాబట్టి చదువరీ, ఈసారి మీ ఊళ్ళో గుడిసె కాలినా, కల్లం కాలినా, గుట్ట కాలినా 'షార్ట్ సర్క్యూట్' అని పేపర్లో చూసి పేజీ తిప్పకండి. 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు చట్టం కింద ఓ దరఖాస్తు పెట్టండి. కారణం గడిలో ఏం రాశారు, అది ఎవరు చూసి రాశారు, ఏ తీగ ముక్కను ఏ డబ్బాలో పెట్టి ఏ ల్యాబుకు పంపారు, కాలిన చోట ఎన్ని గంటలు గడిపారు అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.